కొంగు పట్టుకున్న చెయ్యి ఎవరిది?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఎం.ఏ. జర్నలిజం రెండో సంవత్సరం చదువుతున్నాను. తార్నాకలో హాస్టల్లో ఉంటాను. మాధ్యమ సిద్ధాంతాల పేపర్‌లో ‘రెచ్చగొట్టేలా ఉన్న ఒక పత్రికా ప్రకటనను ఎంచుకుని విశ్లేషించండి’ అని అసైన్‌మెంట్ ఇచ్చారు. ఒక తెలుగు మాసపత్రికలో వచ్చిన మగవాళ్ల వాచీ ప్రకటన తీసుకున్నాను (ఫొటో, నా చిత్తుప్రతి జత చేశాను). పాలరాతి నేల మీద పడుకున్న అమ్మాయి, ఆమె కొంగు పట్టుకున్న మగచెయ్యి, ఆ చేతికి వాచీ. పైన ‘సమయం నీది. మిగతావన్నీ కూడా’ అని ఉంది. బార్త్, హాల్, మల్వీ, గాఫ్‌మన్, గెర్బ్‌నర్ అనే సిద్ధాంతకర్తలందరినీ వాడి పన్నెండు పేజీలు రాశాను. మా సార్ ‘సిద్ధాంతాలు బాగానే అతికించావు, ప్రకటన ఏదమ్మా?’ అని రాసి వెనక్కిచ్చారు. హాస్టల్లో అడిగితే తలో మాట. రూమ్మేట్ ‘ఇందులో ఏముంది, మన నాయనమ్మలు రవికలు తొడుక్కున్నారా’ అంది. ఇంకో అమ్మాయి పత్రిక విసిరికొట్టింది. ఒక సీనియర్ ‘చీర ఎంత బాగుందో’ అంది. మెస్‌లో పనిచేసే అక్క మాత్రం ‘ఆ గడియారం గూడ పిల్ల తండ్రి పెట్టిందే అయ్యుంటది’ అని నవ్వింది. నిజం చెప్పాలంటే నాకు ఆ బొమ్మ అందంగా అనిపించింది, కోపమూ వచ్చింది. రెండూ ఎలా రాయను? ఏ సిద్ధాంతం ఉంచను, ఏది తీసేయను? బొమ్మను క్లాసులో తెర మీద చూపించవచ్చా? దీని మీద ఫిర్యాదు చేసే చోటు ఉందా?
— పేరు వద్దు, తార్నాక

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన వాక్యం మీ చిత్తుప్రతిలో లేదు. మెస్ అక్క అన్న మాట అది. దాని దగ్గరికి వస్తాను. ముందు మీ సార్ రాసిన మాట సంగతి చూద్దాం, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం.

మీ పన్నెండు పేజీలూ చదివాను. మొదటి మూడు పేజీలు సిద్ధాంతకర్తల పరిచయం. ప్రకటన మొదటిసారి కనిపించేది నాలుగో పేజీలో, అదీ ‘ఇందులో స్త్రీని వస్తువుగా చూపించారు’ అనే ఒక్క వాక్యంలో. ఆ వాక్యం తప్పు కాదమ్మా. కానీ సబ్బు ప్రకటన గురించీ రాయొచ్చు దాన్ని, సిమెంటు ప్రకటన గురించీ రాయొచ్చు. ఈ పేజీలో మాత్రమే జరుగుతున్నది ఏమిటో అది చెప్పదు. చిత్తుప్రతి పక్కన పెట్టేసి ముందు ఒక పని చేయండి. పేజీ మీద ఏముందో రాసుకోండి. విశేషణాలు వద్దు, తీర్పులు వద్దు. మీరు పంపిన ఫొటో పెట్టుకుని నేను రాసుకున్నది ఇది:

కుడిచేతి వైపు పేజీ. నలుపు తెలుపు గళ్ల పాలరాతి నేల. అమ్మాయి ఎడమ నుంచి కుడికి పడుకుని ఉంది. గద్వాల్ చీరలా ఉంది: లేత గంజి రంగు ఒళ్లు, ముదురు ఎరుపు పట్టంచు. రవిక లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ మనవైపూ చూడటం లేదు, చెయ్యివైపూ చూడటం లేదు. పేజీ బయట ఎక్కడో ఉంది ఆ చూపు. ఎడమచేతి వేళ్లు నేలను తాకీ తాకనట్టు ఉన్నాయి. జుట్టు జారి మెడను కప్పింది. పాదాలు ఉన్నాయి, వేళ్ల దగ్గరికి వచ్చేసరికి పేజీ అయిపోయింది. మగవాడు మోచేతి వరకే ఉన్నాడు. మడిచిన తెల్లచొక్కా, బిగించిన పిడికిలి, అందులో కొంగు. పేజీ మొత్తంలో వెలుతురు ఎక్కువగా పడ్డ చోటు అతని మణికట్టు. వాచీ ముళ్లు పది గంటల పది నిమిషాల దగ్గర ఉన్నాయి. ధర లేదు, దుకాణం చిరునామా లేదు.

ఇలా రాస్తున్నప్పుడే రెండు సంగతులు బయటపడ్డాయి. మొదటిది, మీరు ఆ పది గంటల పది నిమిషాలను ‘రాత్రి ఏకాంతానికి సంకేతం’ అని రాశారు. వాచీల ప్రకటనల్లో ముళ్లు దాదాపు ఎప్పుడూ అక్కడే ఉంటాయి, వాటి మధ్య కంపెనీ పేరు తేటగా కనబడాలని. ఆ వృత్తిలో అది అలవాటు. ప్రతి వివరమూ గూఢార్థమే అనుకుంటే విశ్లేషణ జోస్యం అయిపోతుంది. రెండోది మీరు గమనించనే లేదు. ఆమె మెడలో పుస్తెలున్నాయో లేదో జుట్టు చెప్పనివ్వదు. కాళ్లకు మెట్టెలున్నాయో లేదో పేజీ అంచు చెప్పనివ్వదు. తెలుగు పాఠకుడి కన్ను మొదట వెతికే రెండు గుర్తులూ ఇక్కడ కనబడకుండా పోయాయి. కావాలని చేశారని మీరు నిరూపించలేరు, ఆ జోలికి పోవద్దు. దాని ఫలితమేమిటో మాత్రం రాయగలరు: ఎవరైనా నిలదీస్తే ‘వాళ్లు భార్యాభర్తలే’ అని కంపెనీ అనగలదు, మరోలా చూడాలనుకున్నవాడు మరోలా చూసుకోగలడు. ఒకే బొమ్మ రెండు దారులూ తెరిచి పెట్టింది. ఇంతవరకూ సిద్ధాంతం పేరు ఒక్కటీ ఎత్తలేదు, చూశారా. ఎత్తవలసిన అవసరం ఇప్పుడు వస్తుంది.

ఫ్రెంచి విమర్శకుడు బార్త్‌ను ఉంచండి. కానీ ఆయన చెప్పిందాన్ని ఉటంకించడం మానేసి, ఆయన చేసిన పని చేయండి. 1964లో రాసిన వ్యాసంలో ఆయన తీసుకున్నది పాంజాని అనే కంపెనీ ప్రకటన. ముందు పేజీ మీద ఏముందో చెప్పాడు: ఎర్రటి నేపథ్యం, సగం తెరుచుకున్న వలసంచి, అందులోంచి బయటికి వస్తున్న పాస్తా పొట్లాలు, ఒక డబ్బా, టమాటాలు, ఉల్లిపాయలు, మిరపకాయలు, ఒక పుట్టగొడుగు. ఆ తర్వాతే అర్థాలను పొరలుపొరలుగా విడదీశాడు: రాతలో ఉన్నది, బొమ్మలో ఉన్నవి ఉన్నట్టుగా చెప్పేది, బొమ్మ సంస్కృతి ద్వారా సూచించేది. టమాటా ఎరుపు, మిరప పచ్చదనం కలిసి ‘ఇటలీతనం’ సూచిస్తున్నాయన్నాడు. అక్కడే ఇంకో ముఖ్యమైన మాట అన్నాడు, ఈ ఇటలీతనం ఫ్రెంచివాళ్ల ఊహలోది, ఇటలీ మనిషికి అది పెద్దగా తట్టకపోవచ్చని. అంటే సూచన బొమ్మలో కూర్చుని ఉండదు, చూసేవాళ్ల లోకజ్ఞానంతో కలిసి పుడుతుంది.

మనకిది కొత్త ఆలోచన కాదు. తొమ్మిదో శతాబ్దంలో కశ్మీరు ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వని (మాట వెనక సూచనగా తోచే అర్థం) గురించి చెప్పిందాంట్లో ఇలాంటి విచారమే ఉంది. అలంకారశాస్త్రం క్లాసులో ‘గంగలో గొల్లపల్లె’ అనే ఉదాహరణ చెబుతారు. నదిలో ఊరు ఉండదు కాబట్టి ఒడ్డున ఉందని అర్థం చేసుకుంటాం. కానీ ఒడ్డు అనకుండా గంగ అనడం వల్ల ఆ పల్లెకు చల్లదనమూ పవిత్రతా వచ్చి చేరతాయి. ఆ చేరడాన్ని గుర్తుపట్టే సహృదయుడు, అంటే రసం తెలిసిన పాఠకుడు ఉండాలి. మీ వ్యాసంలో బార్త్ పక్కన ఆనందవర్ధనుణ్ణి నిలబెడితే సార్ కాదనరు. ఒక్క పేరాలో ముగించండి, అదే వ్యాసమైపోకూడదు.

ఇప్పుడు కొంగు దగ్గరికి రండి. వాచ్యంగా చూస్తే ఒక చేతిలో బట్ట ఉంది, అంతే. తెలుగు ఇంట్లో పెరిగినవాళ్లకు ఆ చెయ్యి ఎన్ని చేతులో ఆలోచించండి. అమ్మ కొంగు పట్టుకుని తిరిగే పసివాడి చెయ్యి. పెళ్లిలో కొంగుముడి. కొంగుతో మొహం తుడిచే తల్లి. వీటన్నిటికీ అవతల, నిండుసభలో దుశ్శాసనుడి చెయ్యి. ద్రౌపది కథ తెలియని తెలుగు ఇల్లు అరుదు. వీధినాటకాల్లో, హరికథల్లో, పద్యనాటకాల్లో, సినిమాల్లో అందరూ చూసినదే. పత్రిక విసిరికొట్టిన మీ స్నేహితురాలు ఏ చెయ్యి చూసిందో అడిగారా? అడగండి. ఆమె చూసింది దుశ్శాసనుణ్ణే అయితే, ఆ కోపం ఒంటిమీద బట్ట తక్కువైనందుకు వచ్చింది కాదు.

ఇన్ని చేతుల్లో ఏదో ఒకదాన్ని తేల్చేది పైనున్న రాత. బార్త్ దీన్ని లంగరు అన్నాడు: బొమ్మ ఎన్ని అర్థాలవైపు కొట్టుకుపోతున్నా రాత దాన్ని ఒకచోట కట్టేస్తుంది. పరీక్షించి చూడండి. రాతను కాగితంతో కప్పి, దాని మీద పెళ్లిచీరల దుకాణం వాళ్లు రాసేలాంటి ‘ఏడడుగుల బంధం’ అని రాయండి. పిడికిలి పెళ్లికొడుకుది అవుతుంది. ‘గృహహింస కనిపిస్తే 181కి చెప్పండి’ అని రాయండి. బొమ్మ మారలేదు, మీ వెన్నులో చలి పుడుతుంది. ఈ మూడు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఉటంకింపులతో పనే ఉండదు.

ఇక అసలు రాత. మీ చిత్తుప్రతిలో దానికి రెండే వాక్యాలిచ్చారు. నేనైతే రెండు పేజీలిస్తాను. ‘సమయం నీది’ అంటే ఎవరిది? ‘నువ్వు’ అని పిలవబడుతున్నవాడు వాచీ కట్టుకునేవాడు. ఆ పత్రిక కుటుంబపత్రిక. మీ హాస్టల్లో దాన్ని తిరగేసినవాళ్లందరూ ఆడవాళ్లే. మీరు ఆ వాక్యం చదివినప్పుడు అది మీతో మాట్లాడటం లేదు. మీ తల మీదుగా వేరే ఎవరితోనో మాట్లాడుతోంది. మరి ఆ వాక్యంలో మీరు ఎక్కడున్నారు? రెండో భాగంలో: ‘మిగతావన్నీ కూడా.’ మిగతావాళ్లు అనలేదు, మిగతావి అన్నారు. బొమ్మలో మనిషి ఉంది, రాతలో ఆమె కుర్చీలూ కార్లూ ఉండే వరసలో కలిసిపోయింది. ‘స్త్రీని వస్తువుగా చూపించారు’ అని మీరు ఊరికే అన్నదానికి రుజువు తెలుగు వ్యాకరణంలోనే ఉంది. ప్రకటన ఎవరిని ‘నువ్వు’ అని పిలిచి ఆ స్థానంలో కూర్చోబెడుతుందో 1978లో జూడిత్ విలియమ్సన్ వివరంగా రాసింది. మీ జాబితాలో ఆమె పేరు లేదు. అయిదుగుర్ని పెట్టుకున్నారు గానీ ఈ పేజీకి కావలసినావిడను వదిలేశారు.

సమాజశాస్త్రవేత్త గాఫ్‌మన్‌నూ ఉంచండి. 1979లో వచ్చిన ఆయన పుస్తకం పత్రికా ప్రకటనల ఫొటోల మీదే, అందుకే మీకు నేరుగా పనికొస్తుంది. ఆయన పెద్ద విషయాలు వెతకడు, చేతులు చూస్తాడు. ప్రకటనల్లో ఆడవాళ్ల వేళ్లు వస్తువును గట్టిగా పట్టుకోవు, అంచుల వెంట రాస్తాయి, నిమురుతాయి అంటాడు. పట్టుకునే పని మగచేతులది. మీ ప్రకటనలో తాకీ తాకని వేళ్లు, బిగించిన పిడికిలి. పడుకోవడం, నేల మీద ఉండటం తగ్గి ఉండటానికి గుర్తులంటాడు. పక్కన ఏం జరుగుతున్నా చూపు ఎక్కడో పోగొట్టుకుని ఉండటం ఆడవాళ్లకే ఎక్కువగా ఇస్తారంటాడు. తన కొంగు ఎవరో పట్టుకుని ఉంటే మనిషన్నది అటు తిరిగి చూస్తుంది కదా? ఈమె చూడదు. నాకు ఆ బొమ్మలో అన్నిటికన్నా బాధనిపించింది అదే. ఆమెకు ఇష్టమా, భయమా, విసుగా, ఏదీ ముఖం మీద లేదు. ఆమెకు ఏమైనా అనిపించే అవకాశాన్నే తీసేశారు. ఈ మాట మీరూ రాయండి, మీ మాటల్లో.

మల్వీ దగ్గర జాగ్రత్త. 1975లో ఆమె రాసింది సినిమా గురించి: కెమెరా చూపు, ప్రేక్షకుడి చూపు, తెర మీద పాత్రల చూపు. పత్రిక పేజీలో కథ నడవదు, మనం దాన్ని చూసి ముందుకు వెళ్లొచ్చు, వెనక్కి రావొచ్చు. ఆ తేడా చెప్పకుండా ‘పురుషదృష్టి’ (ఆడవాళ్లను మగవాడి కళ్లతో చూపించడం) అని ఒక ముక్క తెచ్చి పెట్టకూడదు. తేడా చెప్పి, ఈ పేజీలో మగవాడికి మొహం ఎందుకు లేదో ఆమె ఆలోచనతో వివరించగలిగితే ఉంచండి: మొహం లేని చోట ఏ పాఠకుడైనా తన మొహం పెట్టుకోవచ్చు. వివరించలేకపోతే తీసేయండి. గెర్బ్‌నర్‌ను మాత్రం తప్పకుండా తీసేయండి. ఆయన మాట్లాడింది ఏళ్ల తరబడి టీవీ చూడటం గురించి, ఒక్క పేజీ గురించి కాదు.

ఇప్పుడు మెస్ అక్క. స్టువర్ట్ హాల్ జమైకాలో పుట్టి, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పనిచేసినవాడు. 1973లో ఆయన చెప్పింది క్లుప్తంగా ఇదీ: పంపినవాళ్లు ఒక అర్థం పొదిగి పంపుతారు, అందుకునేవాళ్లు దాన్ని అలాగే తీసుకోవచ్చు, కొంత ఒప్పుకుని కొంత తమ బతుక్కి తగ్గట్టు సవరించుకోవచ్చు, లేదా పంపినవాళ్ల ఉద్దేశం పూర్తిగా అర్థం చేసుకునే మరో చట్రంలో పెట్టి ఎదురుగా చదవొచ్చు. మీరు ముగ్గురు స్నేహితురాళ్లకు మూడు చీట్లు అంటించారు: రూమ్మేట్ మొదటి రకం, సీనియర్ రెండో రకం, విసిరికొట్టినామె మూడో రకం. అవి మనుషుల రకాలు కావు. పేజీని చదివే పద్ధతులు. ఒకే మనిషి ఒకే పేజీని పొద్దున ఒకలా, రాత్రి ఒకలా చదువుతుంది. మీరే చూడండి, అందంగానూ ఉందన్నారు, కోపమూ వచ్చిందన్నారు. చీర బాగుందన్న సీనియర్ ప్రకటనను చదివిందో, ప్రకటనను దాటి చీరను మాత్రమే చూసిందో మీకింకా తెలియదు. విసిరికొట్టడం కోపమే, కానీ ఆ కోపంలో ఏ చదువు ఉందో అడిగితేనే తెలుస్తుంది.

అక్క నవ్వుతూ అన్న మాటని మీరు వదిలేశారు. హాల్ చెప్పిన మూడో పఠనానికి ఇంతకన్నా చక్కటి ఉదాహరణ నాకు ఈ మధ్య కనబడలేదు. ప్రకటన ఏమంటోంది? ఈ వాచీ ఉన్నవాడు సంపాదించినవాడు, కాబట్టి సమయమూ అతనిదే, మిగతావన్నీ అతనివే. అక్కకు ఆ మాట పూర్తిగా అర్థమైంది. సొంతం అంటున్నారు కదా, డబ్బెవరిది అని అడిగింది. మన ఊళ్లలో అల్లుడికి వాచీ పెట్టడం ఎంత పాత అలవాటో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాచీ, సైకిలు, రేడియో. తర్వాత స్కూటరు, ఇప్పుడు కారూ ప్లాటూ. హెచ్.ఎం.టి. వాళ్లు జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి బెంగళూరులో వాచీలు చేయడం మొదలుపెట్టింది 1961లో. వరకట్న నిషేధ చట్టం వచ్చిందీ 1961లోనే. రెండిటికీ సంబంధం ఏమీ లేదు, కానీ ఆ తర్వాత ఎన్నో తెలుగు పెళ్లిళ్లలో చట్టం ఉన్నదీ ఉన్నట్టే ఉంది, వాచీ పెడుతున్నదీ పెడుతున్నట్టే ఉంది. అక్క చెప్పినట్టు చదివితే ‘మిగతావన్నీ కూడా’ అన్నది కట్నకానుకల జాబితా అయిపోతుంది. ఆ పిడికిలి మీదున్న వెలుతురు కూడా పిల్ల తండ్రి కొనిపెట్టిందే. ద్రౌపది గుర్తొచ్చినప్పుడు కొంగు కనబడింది, అక్క మాటతో వాచీ కనబడింది. నేను రాసుకున్న వర్ణనలో వాచీ గురించి ముళ్లూ వెలుతురూ ఉన్నాయి, అది ఎవరు కొన్నారన్న ప్రశ్న లేదు.

ఆమెను వ్యాసంలో ఉటంకించే ముందు మళ్లీ వెళ్లి కలవండి. ఎందుకు రాస్తున్నారో చెప్పి, రాయొచ్చా అని అడగండి. తీరిక ఉన్నప్పుడు పేజీ మళ్లీ చూపించి ఇంకేం కనబడుతోందో మాట్లాడనివ్వండి. ఆమె మాట ఆమె యాసలోనే రాయండి, సరిదిద్దవద్దు. ‘చదువుకోని గ్రామీణ మహిళ కూడా’ అనే తరహా పరిచయం దయచేసి చేయకండి. సిద్ధాంతం చదవని మనిషి సిద్ధాంతం చదివిన మనకన్నా బాగా చదివింది. ఆ గౌరవం వాక్యంలో కనబడాలి.

అందం సంగతి. మీకు బొమ్మ నచ్చిందని సిగ్గుపడుతున్నారు, ఆ సిగ్గు అక్కర్లేదు. బొమ్మ నిజంగానే బాగుంది. గంజిరంగు మీద ఎర్రంచు, నలుపు తెలుపు రాయి, పక్కనుంచి పడే వెలుతురు, చేయి తిరిగినవాళ్లు చేసిన పని. నచ్చిందన్నది సాక్ష్యం. ఏది నచ్చిందో విడదీసి రాయండి: వెలుతురా, చీరా, ఆ నిశ్శబ్దమా? ఆ ఇష్టాన్ని పట్టుకునే కదా ప్రకటన మిమ్మల్ని పేజీ మీద ఆపింది. తర్వాత కోపం ఎక్కడ మొదలైందో రాయండి, రాత చదివాకా, పిడికిలి చూశాకా? ఏది ముందో, ఏది తర్వాతో మీ వరస మీరు రాస్తే ప్రకటన పనిచేసే క్రమం దానంతటదే బయటపడుతుంది.

మీ రూమ్మేట్ నాయనమ్మల మాట తేలిగ్గా కొట్టేయకండి. తెలంగాణ పల్లెల్లో రవిక లేకుండా చీర కట్టిన ముసలమ్మలు ఉండేవారన్నది నిజమే. వాళ్లు ఆ చీరతో నాట్లేశారు, కలుపు తీశారు, పిల్లల్ని ఎత్తుకున్నారు. ఈ పేజీ ఆ కట్టును తీసుకుంది, పొలాన్నీ పనినీ ఎండనూ తీసేసింది, పాలరాయి మీద పడుకోబెట్టింది. పైగా అది సంప్రదాయం కదా అని ఎవరైనా సమర్థించే వీలు మిగుల్చుకుంది. చరిత్రను ఖాళీ చేసి, మిగిలినదాన్ని సహజమైనదిగా చూపించడాన్ని బార్త్ 1957లోనే ‘పురాణం’ అన్నాడు. గద్వాల్ చీర ఇక్కడ చేస్తున్న పని అదే. రూమ్మేట్ ఆ వాదన మీకు అందించింది, ఆమెకూ థాంక్స్ చెప్పండి.

‘రెచ్చగొట్టే’ అని అసైన్‌మెంట్‌లో ఉంది కాబట్టి ఆ మాట మీదా ఒక పేజీ ఉండాలి. రెచ్చగొట్టడం బొమ్మకు పుట్టుకతో వచ్చే గుణం కాదు. 2000లో ఓపియం అనే సెంటు ప్రకటనలో మోడల్ సోఫీ డాల్ నగ్నంగా పడుకున్న ఫొటో పత్రికల్లో వచ్చినప్పుడు బ్రిటన్‌లో పెద్దగా గొడవ లేదు. అదే ఫొటో వీధుల్లో హోర్డింగుల మీదికి ఎక్కగానే వందల ఫిర్యాదులు వచ్చాయి, దింపేయమన్నారు. మీ వాచీ పేజీని హిమాయత్‌నగర్‌లో పళ్ల డాక్టరు దగ్గర కూర్చుని తిరగేయడం వేరు, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని పైకి చూడటం వేరు. 1992లో బెనెటన్ బట్టల కంపెనీ ఎయిడ్స్‌తో చనిపోతున్న డేవిడ్ కిర్బీ ఫొటో వాడినప్పుడు ఒంటిమీద బట్టల ప్రసక్తే లేదు. దుఃఖాన్ని స్వెట్టర్లు అమ్మడానికి వాడొచ్చా అన్నదే గొడవ. మన దేశంలో 1995లో మోడళ్లు మిలింద్ సోమన్, మధు సప్రేలతో వచ్చిన టఫ్స్ బూట్ల ప్రకటనలో ఇద్దరి ఒంటిమీదా బూట్లూ చుట్టుకున్న కొండచిలువా తప్ప ఏమీ లేవు. ఆ కేసు 2009 దాకా నడిచి నిర్దోషులని తేలింది. పద్నాలుగేళ్లు జనం ఆ బూట్ల పేరు తలుచుకున్నారు. ఆగ్రహం కూడా ప్రచారంలో భాగమైపోతుందన్న మాట ఈ ఉదాహరణలతో రాయండి, కానీ అందుకని నోరు మూసుకోవాలని నేను అనను.

ఇంకో పని మిగిలింది. మీరు ఫొటో తీసిన పేజీకి ఎదురుపేజీ ఏమిటో రాయలేదు. వెళ్లి చూడండి. అక్కడ వంటలున్నా, ఆడపిల్లల భద్రత మీద వ్యాసమున్నా, ఇంకో నగల ప్రకటన ఉన్నా విశ్లేషణ మారుతుంది. ఆడవాళ్లు ఎక్కువగా చదివే పత్రికలో మగవాళ్ల వాచీ ప్రకటన ఎందుకు వేశారన్నదీ అడగవలసిన ప్రశ్నే. కొనేది అతనా, అతనికి పెట్టేవాళ్లా? (అక్క మాట మళ్లీ ఇక్కడ తగులుతుంది.) పత్రిక పాఠకులకు వార్తలు అమ్మడమే కాదు, ప్రకటనదారులకు పాఠకులను అమ్ముతుందని 1977లో మాధ్యమాల పరిశోధకుడు డాలస్ స్మైత్ రాశాడు. తెలుగు పత్రికల చరిత్రలో దీనికి వేరే ముఖం కూడా ఉంది: కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ ఆదాయంతో 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టారు. ఒక తలనొప్పి మందు తెలుగువాళ్ల జాతీయోద్యమ పత్రికను నిలబెట్టింది. ప్రకటన డబ్బు అంటేనే పాపం అని రాయకుండా ఉండటానికి ఇది గుర్తుపెట్టుకోండి. పాత వాచీ ప్రకటనలతో పోల్చాలనుకుంటే సుందరయ్య విజ్ఞానకేంద్రం, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలలో పాత పత్రికల కోసం అడగండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా దొరకొచ్చు. ఒక్క పాత ప్రకటన పక్కన పెట్టినా చాలు, వాచీ అప్పుడు ఎవరితో ఏం మాట్లాడేదో తెలుస్తుంది.

క్లాసులో చూపించవచ్చు. చూపించకపోతే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పత్రిక పేరూ నెలా వేసి, పేజీని అంచుల దాకా మొత్తం చూపించండి, ఎదురుపేజీతో సహా. ముందుగా ఒక మాట చెప్పండి, ఇబ్బంది అనిపించేవాళ్లకు తెలిసి ఉండటం మంచిది. వివరంగా చూపాల్సి వస్తే పిడికిలినీ రాతనూ మాత్రమే పెద్దది చేయండి. ఆమె భుజాన్నో నడుమునో విడిగా కత్తిరించి తెర నిండా వేయకండి, కంపెనీ చేసిన కత్తిరింపును మీరు మళ్లీ చేసినట్టవుతుంది. వాట్సాప్ గ్రూపులో మాత్రం పంచకండి.

ఫిర్యాదు విషయం వ్యాసంలో కలపవద్దు. ‘ఇది నేరమా?’ అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే కొలబద్దలు ఉన్నాయి. 1986లో వచ్చిన స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టంలో మూడో సెక్షన్ ప్రకటనలకు సంబంధించినది. అశ్లీలత గురించి సుప్రీంకోర్టు 2014లో అవీక్ సర్కార్ కేసులో, బొమ్మను విడిగా కాక సందర్భంతో కలిపి, నేటి సమాజపు సగటు మనిషి ప్రమాణంతో చూడాలంది. ఆ లెక్కన మీ పేజీ అశ్లీలమని తేలడం కష్టమని నా అభిప్రాయం. నాకు ఆ దారి నచ్చదు కూడా. అక్కడ చర్చ బట్ట ఎంత ఉందన్నదానికి జారిపోతుంది, పిడికిలి గురించి ఎవరూ మాట్లాడరు. ముంబైలో 1985 నుంచి ఉన్న అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దారి మెరుగు. అది ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న సంస్థ, కోర్టు కాదు. వాళ్లు 2022 జూన్‌లో ఆడవాళ్లు ఇలా, మగవాళ్లు ఇలా అని మూసలో చూపించడం మీద మార్గదర్శకాలు తెచ్చారు. వస్తువుకు ఏ సంబంధమూ లేని సందర్భంలో మనుషులను లైంగికంగా వస్తువుల్లా చూపించకూడదని అందులో ఉంది. వాచీకీ నేల మీద పడుకున్న అమ్మాయికీ ఏమిటి సంబంధం అని అడగడానికి మీకు హక్కుంది. ఫిర్యాదు వాళ్ల వెబ్‌సైట్‌లోనే పెట్టొచ్చు. పత్రిక పేరు, సంచిక నెల, పేజీ ఫొటో, మీ అభ్యంతరం నాలుగు వాక్యాల్లో రాస్తే సరిపోతుంది. పత్రిక సంపాదకులకు కూడా ఒక ఉత్తరం రాయండి. ఆ పేజీ వేసుకోవడానికి ఒప్పుకున్నది వాళ్లే.

సార్‌కు కొత్త ప్రతి ఇచ్చేటప్పుడు ఎనిమిది పేజీలు మించనివ్వకండి. మొదటి పేజీలో వర్ణన, దాంతోపాటు ప్రకటన ప్రతి. బార్త్, గాఫ్‌మన్, హాల్ చాలు. విలియమ్సన్ మీ ఇష్టం. ఎవరి పేరూ మొదటి పేజీలో రాకూడదు.